గది మారితే బిల్లంతా మారుతుంది

ప్రశ్న: మా అత్తగారికి గాల్‌బ్లాడర్‌లో రాళ్లకు ఆపరేషన్ చేయించాం. మూడు రోజులు సింగిల్ రూమ్‌లో ఉన్నాం. బిల్లు 92,000 అయింది. మూడు లక్షల పాలసీ ఉన్నా కంపెనీ 43,950 మాత్రమే ఇచ్చింది. ఎవరు మోసం చేశారో తెలియక ఇంట్లో ఒకటే టెన్షన్. బిల్లు, పాలసీ కాపీలు పంపుతున్నాను.
– ఒక కోడలు, గాజువాక

జవాబు: అమ్మా, మహారాణిపేటలో ఒక ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో 22 ఏళ్లు కూర్చున్నదాన్ని. మీ బిల్లు రెండుసార్లు చదివాను. చిక్కంతా గది దగ్గర వచ్చింది.

మీ పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు బీమా మొత్తంలో ఒక శాతం, అంటే 3,000. మీరు తీసుకున్న గది 6,000. పైనున్న 3,000 మనం కట్టుకుంటే చాలని అందరూ అనుకుంటారు. అలా కాదు. అదే ఆపరేషన్‌కి జనరల్ వార్డులో ఒక రేటు, సింగిల్ రూమ్‌లో ఇంకో రేటు ఉంటాయి. అందుకే గది పరిమితికి రెట్టింపైతే సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు ఫీజు, థియేటర్, నర్సింగ్ ఛార్జీల్లోనూ కంపెనీ సగమే ఇస్తుంది. మీ బిల్లులో అవి 44,000. గది ఇచ్చేముందే ఈ మాట మీకు చెప్పాల్సింది. నేను అడ్మిషన్ రోజునే చెప్పేదాన్ని, పాపం ఆ కంగారులో చాలామంది చెవికి ఎక్కేది కాదు. ఇక బిల్లులో ఉన్న 900 గది మీద వేసిన జీఎస్టీ. ఐసీయూ కాకుండా రోజుకు 5,000 దాటిన గదికి 2022 జూలై నుంచి 5 శాతం వేస్తున్నారు.

కానీ మీకు అన్యాయం జరిగిన చోటు ఒకటుంది. పరీక్షల 12,000లో, మందుల 13,000లో కూడా సగం కోసేశారు. గది అద్దెను బట్టి వేసే ఈ కోత మందులకు, పరీక్షలకు, ఇంప్లాంట్లకు వర్తించకూడదని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. ఆ 12,500 మీకు రావాలి, వదలకండి. డైపర్లు, మాస్కులు, తోడున్నవాళ్ల భోజనం కలిపి వేసిన 4,100 మాత్రం రాదు.

ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి బిల్లు జతచేసి మెయిల్ పెట్టండి. నెల రోజుల్లో తేల్చకపోతే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి రాయండి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. పాలసీ మీ అత్తగారి పేరున ఉంది కాబట్టి ఫిర్యాదు మీద ఆవిడ చేతే సంతకం పెట్టించండి.