పాఠకుల సందేహాలు: వదలని కంపుకు జానపద విరుగుడు

ప్రశ్న: మేము బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటాము. ఉద్యోగం పోను మిగిలిన సమయంలో నేనొక జానపద నవల రాస్తున్నాను. కథ జరిగేది కల్పిత రాజ్యంలోనే అయినా, వాతావరణం ఇంచుమించు విజయనగర కాలానిది. కథానాయకుడైన వేగులవాడు శత్రువుల కంటపడకుండా ‘శవగంధి’ అనే తీగ పొదలో దాక్కుంటాడు. ఆ తీగ పాలు ఒంటికీ, జుట్టుకూ, బట్టలకూ, తోలు కవచానికీ అంటుకుని కుళ్ళిన మాంసంలా కంపు కొడతాయి. తెల్లవారేసరికి అతడు రాజసభలో నిలబడాలి. మంత్రంతో ఆ కంపు పోగొడితే పాఠకులు నవ్విపోతారని మావారు అంటున్నారు. సబ్బూ సెంటూ లేని ఆ కాలంలో నమ్మదగిన ఉపాయం ఏముంటుంది?

జవాబు: మీవారి మాటే సరైనది. ఉపాయం వెతికే ముందు ఆ కంపు దేనివల్ల పుడుతున్నదో మీరు నిర్ణయించుకోవాలి. ఆ సంగతి తేలితే విరుగుడు ఏమిటో మీ కథలోని ముసలి చాకలి కూడా చెప్పగలడు. తేలకపోతే రాజవైద్యుడు తెచ్చిన ఏ మూలికైనా మంత్రంలాగే కనిపిస్తుంది.

మొక్కల దుర్గంధాలు అన్నీ ఒక జాతివి కావు. కొన్ని చేపల నీచు వంటివి. వాటికి కారణమైన పదార్థాలు క్షార స్వభావం కలవి కాబట్టి చింతపండు, నిమ్మరసం, పులిసిన మజ్జిగ వంటి పులుపు తగలగానే గాలిలోకి లేవని లవణాలుగా మారిపోతాయి. చేపలు కడిగేటప్పుడు మన ఇళ్ళలో చింతపండు వాడటంలోని కిటుకు ఇదే. మరికొన్ని దుర్గంధాలు ఆమ్లాలవల్ల పుడతాయి. ఇప్పుడు సీసాల్లో రసంగా అమ్ముతున్న నోని పండు బాగా మగ్గినప్పుడు కొట్టే వాసన అటువంటిది. దానికి పులుపు పనికిరాదు, బూడిద నీళ్ళు కావాలి. మూడవ జాతి గంధకం కలిసిన పదార్థాలది. కుళ్ళిన మాంసం అని మీరు రాశారు కాబట్టి మీ శవగంధి ఈ మూడవ జాతికి చెందుతుంది. పులుపుకుగాని పలుచని బూడిద నీళ్ళకుగాని లొంగని మొండి జాతి ఇది.

దీనికి మన పెరట్లోనే నమూనా ఉంది. కంద దుంపను తవ్వకుండా నేలలో వదిలేస్తే, తొలకరి సమయానికి ఆకుకంటే ముందు పువ్వు పైకి వస్తుంది. నడుమ ముడతలు పడిన ఊదా ఎరుపు బొడిపె, చుట్టూ అంచులు మెలికలు తిరిగిన డొప్ప, వాటి మీద ముసిరే ఈగలు కనిపిస్తాయి. చచ్చిన జంతువు అనుకుని వచ్చే పురుగులే దానికి పరాగ సంపర్కం చేసిపెడతాయి. పువ్వు తనంత తాను వేడెక్కి, డైమిథైల్ డైసల్ఫైడ్, డైమిథైల్ ట్రైసల్ఫైడ్ అనే గంధక పదార్థాలను గాలిలోకి వదులుతుంది. అయితే మీ కథకు ఒక చిక్కు ఉంది. ఈ పువ్వు పక్కన ఒక రాత్రి గడిపినవాడికి కడుపులో తిప్పుతుందేగాని, మర్నాటిదాకా వదలని కంపు ఒంటికి పట్టదు, ఎందుకంటే అది గాలిలో కలిసిపోయే వాసన.

ఒంటికి అంటిపెట్టుకోవాలంటే జిగురు ఉండాలి. అందుకు కంద పువ్వు కంటే ఇంగువ మంచి నమూనా. ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ కొండల్లో పెరిగే మొక్క వేరును కోస్తే పాలు కారి గడ్డకడతాయి. గంధకం కలిసిన నూనెలు ఆ జిగురులో చిక్కుకుని నెమ్మదిగా బయటికి వస్తుంటాయి. మీ శవగంధికి కంద పువ్వు కంపును, ఇంగువ జిగురును ఇచ్చారంటే పాఠకుడు ఎక్కడా అనుమానించడు. అవెన్యూ రోడ్డు వైపు వెళ్ళినప్పుడు ఏదైనా గ్రంథిగె అంగడిలో, అంటే పూజా సామగ్రి, మూలికలు అమ్మే కొట్లో, ముద్ద ఇంగువ కొద్దిగా కొనండి. కొట్లో దొరికేది పిండీ బంకా కలిపిన సరుకే అయినా ఈ పరీక్షకు చాలు. రెండు అరచేతులకూ రుద్దుకుని, ఒక చేతిని చన్నీళ్ళతో మాత్రమే కడగండి. రెండవ చేతికి ముందు నువ్వుల నూనె పట్టించి, తరువాత శెనగపిండితో నలిచి, ఆ పైన కడగండి. తేడా మీ ముక్కే చెబుతుంది, ఆ అధ్యాయం రాయడానికి మాటలు కూడా దొరుకుతాయి.

విరుగుడు కూడా ఆ రెండవ చేతి పద్ధతే. ఈ గంధక పదార్థాలూ వాటిని పట్టుకున్న జిగురూ నీటిలో సరిగా కరగవు, నూనెలో కరుగుతాయి. కంగారుపడిన వేగులవాడు మొదట ఏటిలో దూకుతాడు. దూకనివ్వండి, దానివల్ల ప్రయోజనం ఏమీ ఉండదు. ఆ తరువాత తల పండిన మనిషి ఎవరో అతణ్ణి ఒడ్డున కూర్చోబెట్టి, తడి తుడిచి, గోరువెచ్చని నువ్వుల నూనె తలనుంచి పాదాలదాకా దట్టంగా పట్టించాలి. జిగురు నూనెలో కరిగేదాకా ఆగి, నీళ్ళు తగలనివ్వకుండా పొడి శెనగపిండిగాని పెసరపిండిగాని చల్లి నలిస్తే, నూనెనూ దానిలో కరిగిన కంపునూ పీల్చుకున్న పిండి ఉండలు ఉండలుగా రాలుతుంది. కుంకుడు రసం వంతు ఆ తరువాతే వస్తుంది. ఈ వరుస తప్పకూడదు, ఒక్కసారితో సరిపోదు కూడా. జుట్టుకు రెండు మూడు విడతలు పడుతుంది కాబట్టి, జుట్టు ముడి వేసుకునే ఆ కాలపు వీరుడికి ఇది పెద్ద పనే. కుంకుడు నురగ కళ్ళలో పడి అతడు కేకలు పెడితే నోట్లో ఉప్పు కల్లు పెట్టించండి. మన అమ్మమ్మలు చేసిన పనే కదా.

ఇది కాలానికి అతకదేమోనని సందేహించనక్కరలేదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్య వర్ణించాడు. రాయలు తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒళ్ళంతా అదే నూనె పట్టించుకుని, ఆ నూనె చెమటగా కారిపోయేదాకా సాము చేసి, ఆపైన స్నానం చేసేవాడట. అంతకు నాలుగు వందల ఏళ్ళ ముందు కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు ‘మానసోల్లాసం’లో రాజభోగాల నడుమ స్నానానికి ప్రత్యేక స్థానం ఇచ్చాడు. కాబట్టి మీ రాజ్యంలో నూనె, నలుగు, వేణ్ణీళ్ళు సిద్ధంగా ఉండటం వింత కాదు. కొలిమి దగ్గర పనిచేసేవాడికో సైనికుడికో ఆ విద్య తెలియడం మరీ సహజం.

బట్టల సంగతి తేలిక. చౌడు మట్టిలోగాని కట్టెల బూడిద తేట నీటిలోగాని నానబెట్టి, బానలో ఉడకబెట్టి, బండకు బాది, ఎండలో ఆరవేస్తే గాలికీ ఎండకూ మిగిలినది చాలావరకు విరిగిపోతుంది. పలుచని బూడిద నీళ్ళకు లొంగదన్న కంపు ఇక్కడ పోయేది క్షారం బలంతో మాత్రమే కాదు, ఉడకడంవల్లా ఎండవల్లా కూడా. అయితే మీ కథలో ఉన్నది ఒక్క రాత్రి, ఎండ లేదు, కాబట్టి అతనికి ఎవరివో అరువు బట్టలు కట్టబెట్టడం తప్పదు. సభలో అవి కురచై అల్లరి పుట్టినా మీకు లాభమే.

తోలు కవచం మాత్రం లొంగదు. ఉడకబెడితే తోలు ముడుచుకుపోతుంది, నూనె పట్టిస్తే కంపును ఇంకా లోపలికి పీల్చుకుంటుంది. చేయగలిగినది ఒక్కటే: కొబ్బరి చిప్పల బొగ్గును పొడిచేసి, మూసిన పెట్టెలో ఆ పొడి నడుమ కవచాన్ని కప్పి ఉంచడం. బొగ్గు ద్రవాలలోని రంగులను పీల్చుకుంటుందని 1785లో లోవిట్జ్ అనే రసాయన శాస్త్రవేత్త గమనించాడు, ఈనాటి ఉత్తేజిత కార్బన్ వడపోతలకు మూలం అక్కడ ఉంది. మామూలు బొగ్గు అంత చురుకైనది కాదు, రోజులు పడుతుంది. నా సలహా అడిగితే, ఆ కవచానికి కంపు వదలనివ్వకండి. తరువాతి అధ్యాయంలో శత్రువుల వేటకుక్కలు అతణ్ణి పట్టుకోవడానికి అది పనికివస్తుంది.

సాంబ్రాణి పొగ, పచ్చకర్పూరం, చందనం గురించి మీరు అడగలేదుగాని, సభకు వెళ్ళబోయేవాడికి దాసీలు పొగ వేయకుండా ఉండరు. అవి కంపును కప్పుతాయేగాని తొలగించవు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలోని గంధయుక్తి అధ్యాయంలో పదహారు ద్రవ్యాల నుంచి నాలుగేసి తీసుకుంటే 1820 మిశ్రమాలు అవుతాయని లెక్క కట్టాడు. ఆ 1820లో ఏదైనా సరే, కుళ్ళిన మాంసం మీద చల్లితే పరిమళం చల్లిన కుళ్ళిన మాంసమే మిగులుతుంది. గంధక పదార్థాలను మన ముక్కు నూరు కోట్ల పాళ్ళ గాలిలో కొద్ది పాళ్ళున్నా పసిగడుతుంది. నూటికి తొంభై తొమ్మిది వంతులు కడిగేసినా కంపు ఉన్నట్టే ఉండటానికి కారణం ఇదే.

ఇంకొక సంగతి మీ కథకు బంగారం వంటిది. ఒకే వాసనలో కొంతసేపు ఉంటే ముక్కు దానికి అలవాటుపడి గుర్తించడం మానేస్తుంది. కాబట్టి వేగులవాడు, అతణ్ణి కడిగిన ముసలివాడు ఇద్దరూ కంపు పోయిందనే నమ్ముతారు. పోలేదని తెలియవలసింది సభలో పక్కన నిలబడినవాడికి. లేదా, గుడ్డు సొన తగిలిన వెండి చెంచా నల్లబడినట్టే, అతని వేలి వెండి ఉంగరం మసకబారడం మంత్రి గమనించవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి, జయనగర్‌లో చదువుతున్నాడు. బడి పత్రికకు రాసిన రాజుల కథలో, దుర్వాసన పట్టిన రాకుమారుణ్ణి టమాటా రసంలో స్నానం చేయించాడు. ఇంటర్నెట్‌లో అలాగే ఉందని వాదిస్తున్నాడు. ఉంచవచ్చునా?

జవాబు: ఉంచకూడదు, రెండు కారణాలవల్ల. టమాటా అమెరికా ఖండాల పంట. పోర్చుగీసులు సముద్ర మార్గాన రాకముందు ఇక్కడి రాజుల వంటశాలల్లో అది లేదు, మిరపకాయా లేదు, రాకుమారుడి మెడలో అబ్బాయి వేసిన బంతిపూల దండ ఉంటే అదీ లేదు. రెండవది, ఉత్తర అమెరికాలో స్కంక్ అనే జంతువు చిమ్మే ద్రవం కంపుకు టమాటా రసం మందని చాలాకాలం నమ్మారు. నిజానికి ముక్కు అలసిపోయి పాత కంపు తెలియకపోవడమే దానిలోని మహిమ. 1993లో పాల్ క్రేబామ్ అనే రసాయన శాస్త్రవేత్త హైడ్రోజన్ పెరాక్సైడ్, తినే సోడా, సబ్బు నీరు కలిపి ఆ గంధక పదార్థాలను నిజంగా విరగగొట్టే మందు చెప్పాడు. అయితే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తేనార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మొదటిసారి తయారుచేసింది 1818లో కాబట్టి అది కూడా రాకుమారుడికి అందదు. టమాటా కొట్టేసి నువ్వుల నూనె, శెనగపిండి, కుంకుడుకాయలు రాయమనండి.