వంద శాతం ఉచిత భోజనం అంటే వంద శాతం పేదరికం కాదు

చికాగోలో మీ చుట్టుపక్కల ఇళ్ల ధరలు పెరుగుతుంటే, బడి గణాంకాల పట్టికలో, పేదరికానికి కొలతగా చూసే ఉచిత భోజన అర్హత వంద శాతానికి ఎలా ఎగబాకిందని అడిగారు. పిల్లలు మారినా మారకపోయినా, ముందు లెక్క మారిందండీ. అమెరికాలో బడి భోజనాలపై 2010లో వచ్చిన చట్టం తెచ్చిన సముదాయ అర్హత నిబంధన 2014-15 నుంచి దేశమంతటా అమలైంది. అందులో చేరిన బడిలో కుటుంబాలు ఆదాయం చూపే దరఖాస్తులు ఉండవు, భోజనం అందరికీ ఉచితం. చాలా పట్టికల్లో అలాంటి బడికి కళ్లు మూసుకుని 100 వేసేస్తారు. డాక్టరు గారి అబ్బాయి కూడా అందులో ఒకడే!

మీరు చూడవలసింది నేరుగా ధ్రువీకరించిన విద్యార్థుల శాతం. ‘స్నాప్’ ఆహార సాయం వంటి పథకాల జాబితాలతో సరిపోల్చి తేల్చేది అది. ప్రభుత్వం బడికి డబ్బు చెల్లించేటప్పుడు దాన్ని 1.6తో హెచ్చిస్తుంది, అంటే 40 శాతం 64 అవుతుంది. పాత దరఖాస్తుల అంకెలతో పోల్చాలంటే ఈ హెచ్చించిన అంకే కాస్త నయం. కానీ ఆ పథకాల జోలికి వెళ్లని వలస కుటుంబాలు ఇందులో కనబడవు. రాష్ట్రం మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వారికి ప్రభుత్వ వైద్య బీమా) జాబితాను కూడా కలిపితే, పేదరికం పెరగకుండానే శాతం పెరుగుతుంది. అలా కలిపింది ఏ ఏడాదో కనుక్కోండి.

జనగణన ఆదాయాలు మాత్రం పక్కన పెట్టండి. అవి ఆ వీధుల్లో నివసించేవారివి, బడికి వచ్చేవారివి కావు.