మ్యుటేషన్ ఒకటే అయినా కాలేయంలోని గడ్డ ఎందుకు వేరుగా ప్రవర్తిస్తుంది?

మీ నాన్నగారి క్లోమంలోని క్యాన్సర్ గడ్డలోనూ, అక్కడి నుంచి కాలేయానికి పాకిన గడ్డలోనూ కేరాస్ అనే జన్యువులో ఒకే మ్యుటేషన్ (డీఎన్ఏ అక్షరాల్లో మార్పు) ఉందని, మరి రెండోది ఎందుకింత వేగంగా పెరుగుతోందని అడిగారు. మా అమ్మ రిపోర్టులు రెండూ ముందు పెట్టుకుని నేనూ ఇదే ప్రశ్నతో చాలా రాత్రులు కూర్చున్నాను. పరీక్షకు అందని కొత్త మ్యుటేషన్ ఏదో ఉండి తీరాలని నమ్మాను.

అలా ఉండనక్కర్లేదు. డీఎన్ఏ హిస్టోన్లనే ప్రోటీన్లకు చుట్టుకుని ఉంటుంది. చుట్టు బిగిసిన చోట జన్యువులు నిద్రపోతాయి, వదులైన చోట మేల్కొంటాయి. ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో చెప్పేవి మిథైల్ వంటి రసాయన గుర్తులు. కణ విభజనకు కళ్లెం వేసే పీ16 జన్యువునే చూడండి. ఈ క్యాన్సర్‌లో చాలాసార్లు అది తెగిపోతుంది లేదా చెడిపోతుంది. కొన్ని గడ్డల్లో మాత్రం దాని డీఎన్ఏలో ఒక్క అక్షరమూ మారదు, ఆ జన్యువు మొదలయ్యే చోట మిథైల్ గుర్తులు పేరుకుని దాన్ని పనిచేయనివ్వవు.

2017లో 'నేచర్ జెనెటిక్స్'లో వచ్చిన ఒక అధ్యయనం నా సందేహాన్ని తీర్చింది. క్లోమంలోని గడ్డకూ, దూర అవయవాలకు పాకిన గడ్డలకూ ముఖ్యమైన మ్యుటేషన్లు ఉమ్మడివే. మారినది చుట్టు. పాకిన గడ్డల్లో వేలాది చోట్ల ఆ గుర్తులు తిరగరాసి ఉన్నాయి. ఆ కణాలు గ్లూకోజ్‌ను వాడుకునే ఒక ప్రత్యేక మార్గం మీద ఆధారపడ్డాయి. ప్రయోగశాలలో ఆ మార్గాన్ని అడ్డుకుంటే గుర్తులు వెనక్కి మళ్లాయి, గడ్డ కట్టే గుణం తగ్గింది.

ఇక్కడే నేను తప్పు చేశాను. గ్లూకోజ్ అన్న మాట పట్టుకుని అమ్మకు అన్నం, పళ్లు తగ్గించాను. గడ్డకేమీ కాలేదు, అమ్మే చిక్కిపోయింది. ఆ పరిశోధన కణం లోపలి ఎంజైముల గురించి, కంచంలోని అన్నం గురించి కాదు. దయచేసి మీరు ఆ పని చేయకండి. జన్యువుల స్విచ్‌లు మారుస్తామంటూ అమ్మే పొడులూ కొనకండి. ఈ గుర్తుల మీద పనిచేసే అజాసిటిడిన్ వంటి మందులు కొన్ని రక్త వ్యాధులకు నిజంగానే వాడుతున్నారు, కానీ క్లోమం క్యాన్సర్‌కు అవి ఇంకా మామూలు చికిత్స కాలేదు.

నాన్నగారు తిన్నది ఒంటబట్టడం లేదనిపిస్తే, భోజనంతో పాటు వేసుకునే క్లోమ ఎంజైముల మాత్రల గురించి డాక్టరుగారిని రేపే అడగండి. అమ్మకు అవి మొదలుపెట్టాక విరేచనాలు తగ్గాయి, మళ్లీ పెరుగన్నం అడిగి తిన్నది.