ముందు బావ, వెనక నేను, మొగ దగ్గర బోల్తా

ప్రశ్న: మా బావ చెన్నైలో ఉద్యోగం చేసేటప్పుడు సెకండ్ హ్యాండ్‌లో ఇద్దరు కూర్చునే సర్ఫ్ స్కీ (సముద్రపు కెరటాల మీద తెడ్లతో నడిపే పొడవాటి సన్న పడవ) కొన్నాడు. ట్రాన్స్‌ఫర్ మీద ఇటు వస్తూ దాన్ని కూడా లారీలో వేయించుకొచ్చాడు. గోదారి పాయ వశిష్టలో, నిలకడ నీళ్ళల్లో మేమిద్దరం బ్రహ్మాండంగా వెళ్తున్నాం. అంతర్వేది మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటి సముద్రంలోకి వెళ్దామంటే మాత్రం ప్రతిసారీ బోల్తానే. ముందు కూర్చునే బావేమో 'తెడ్డు ఆపేస్తున్నావురా, అందుకే పడుతున్నాం' అంటాడు. నాకు ఎదురుగా ఆయన వీపు తప్ప ఏమీ కనపడదు, కెరటం ఎప్పుడొస్తుందో ఎలా తెలుస్తుంది? ఆయన 88 కిలోలు, నేను 63. సీట్లు మార్చుకోమంటారా? ఇంట్లో అక్క టెన్షన్ పడిపోయి పడవ అమ్మేయమంటోంది.
— సఖినేటిపల్లి నుంచి ఒక పాఠకుడు

జవాబు: పడవ అమ్మక్కర్లేదని అక్కగారికి చెప్పండి, కానీ ఆవిడ భయంలో న్యాయం ఉందని కూడా ఒప్పుకోండి. నేర్చుకోవడానికి మీరు ఎంచుకున్న చోటు అలాంటిది మరి. మొగలో గోదారి తెచ్చిన ఇసుక మేట వేస్తుంది, లోతు తగ్గిపోతుంది. సముద్రంలో నున్నగా వచ్చే కెరటం ఆ మేట ఎక్కేసరికి అడుగు తగిలి, మందగించి, నిటారుగా లేచి విరుగుతుంది. మీటరు ఎత్తు కెరటం విరగడానికి మీటరుంపావు లోతు చాలు, అంటే మీరు నిలబడగలిగే నీళ్ళల్లోనే మీరు బోల్తా పడుతున్నారన్నమాట.

ఒక చిన్న లెక్క చెప్తాను, విసుక్కోకండి. లోతు నీళ్ళల్లో అయిదు సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే కెరటాలకి మధ్య దూరం దాదాపు 39 మీటర్లుంటుంది. అవే కెరటాలు మీటరున్నర లోతున్న మేట మీదికి వస్తే ఆ దూరం 19 మీటర్లకి పడిపోతుంది, శిఖరం నుంచి పల్లం దాకా తొమ్మిదిన్నర. మీ పడవ పొడవు ఏడున్నర మీటర్లు దాటి ఉంటుంది. ఇంకేముంది, తోక ఇంకా వెనక కెరటం మీద ఉండగానే ముక్కు పల్లంలో గుచ్చుకుంటుంది, ముందు కెరటం బావగారి ఒళ్ళో పడుతుంది. దీనికి పాటు తోడైతే, అంటే నీరు బయటికి లాగుతున్న టైమైతే, ఎదురుగా వచ్చే కెరటాలు ఇంకా దగ్గరపడి గోడల్లా లేస్తాయి. అమావాస్యకీ పౌర్ణమికీ లాగుడు మరీ ఎక్కువ. సముద్రంలో పోటు, అంటే నీరు లోపలికి తన్నడం, మొదలైనా మొగలో ఏటి నీరు కాసేపు బయటికి లాగుతూనే ఉంటుంది, ఇది చాలామంది మర్చిపోతారు. భారత సర్వే విభాగం ఏటా పోటుపాట్ల పట్టికలు వేస్తుంది, వాటిని దగ్గర పెట్టుకోండి. పోటు రోజుకి ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంటుంది కాబట్టి నిన్న ఆరింటికి బాగుంది కదా అని ఇవాళ కూడా ఆరింటికే దిగితే కుదరదు.

ఇక సీట్ల సంగతి. మార్చుకోండి. బావగారిని ముందు కూర్చోబెట్టడం పెళ్ళి పందిట్లో మర్యాద, ఈ పడవలో 88 కిలోలు ముందుంటే ముక్కు లేవదు. బరువైన మనిషి వెనక ఉంటేనే ముక్కు కెరటం మీదికి ఎక్కుతుంది. అయితే ఇలాంటి ఇద్దరి పడవల్లో చాలావాటికి చుక్కాని పెడల్స్ ముందు సీటు దగ్గరే ఉంటాయి, కొన్నిట్లో మాత్రమే వెనక కూడా ఉంటాయి. కాబట్టి ముందుకు వచ్చినవాడు దారి పట్టడం కూడా నేర్చుకోవాలి. ఇద్దరిలో ఒకరికి సముద్రం బాగా అలవాటుండి రెండోవారు కొత్తయితే, బరువు సంగతి పక్కన పెట్టి అలవాటున్న మనిషినే చుక్కాని దగ్గర కూర్చోబెట్టాలని నేనంటాను. మీ ఇద్దరికీ సముద్రం కొత్తే కదా, అందుకే బరువు చూసి తేలుస్తున్నాను.

తెడ్డు ఆపేస్తున్నారన్న బావగారి మాట చాలావరకు నిజమే అయ్యుంటుంది, కోప్పడకండి. వెనకవాడికి కెరటం కనపడదు, పడవ ఊగగానే చేతులు బిగుసుకుపోతాయి, తెడ్డు గాల్లో ఆగిపోతుంది. అర మీటరు వెడల్పు కూడా అనుమానమే అయిన పడవకి ఆనేది నీళ్ళల్లో ఉన్న తెడ్డే, అది గాల్లో ఉంటే ఇక ఆనడానికి ఏమీ లేదు. జోడెద్దుల్లో ఒకటి ఆగితే బండి పక్కకి తిరిగినట్టు, ఒకరు ఆపగానే పడవ కెరటానికి అడ్డం తిరుగుతుంది. కాబట్టి వెనకవాడు కెరటం కోసం చూడటం మానేసి ముందువాడి భుజాన్ని చూడాలి. ఆ భుజం కదిలిన వైపే, అదే క్షణంలో తెడ్డు దించాలి, చిన్నగా వేసినా చాలు, కానీ ఆగకూడదు. పడవ ఒక పక్కకి ఒరిగితే వెనకవాడు రెండో పక్కకి వాలి సరిచేయాలని చూస్తాడు, అదే క్షణంలో ముందువాడూ వాలతాడు, ఇద్దరి సర్దుబాటూ కలిసి ఎక్కువైపోయి అటు పడతారు. నడుం వదులుగా పెట్టి పడవని కింద ఊగనివ్వండి.

ముందువాడు నోరు విప్పాలి. మీ ఇద్దరి గొడవలో సగం బావగారు మౌనంగా తెడ్డు వేయడం వల్లే వచ్చిందని నా అనుమానం. మన పడవలవాళ్ళ 'హైలెస్సా' ఊరికే పుట్టిందా? మూడు మాటలు చాలు: గట్టిగా వేయడానికి 'లాగు', తగ్గించడానికి 'నెమ్మది', తెడ్డుని నీళ్ళ మీద పరిచి ఆనుకోవడానికి 'ఆనించు'. అంతకంటే పెద్ద వాక్యం చెప్పేలోపు కెరటం వెళ్ళిపోతుంది.

తిరిగి వచ్చేటప్పుడు మొగ ఇంకా మోసం. అయిదు సెకన్ల కెరటం బయట గంటకి 28 కిలోమీటర్ల వేగంతో పోతుంది, మీరిద్దరూ బాగా లాగితే పదో పన్నెండో, కాబట్టి అది మీ కిందనుంచి జారిపోతుంది, ఏమీ కాదు. అదే మేట మీద దాని వేగం 14కి పడిపోతుంది. ఇప్పుడు మీరు దానితో సమానం, అది మిమ్మల్ని ఎత్తుకుని ముక్కు కిందికి పెట్టి విసిరేస్తుంది. పెద్ద కెరటాన్ని ముందు పోనిచ్చి దాని వీపు వెంట లోపలికి రండి, వెనక ఇంకోటి లేస్తుంటే 'నెమ్మది' అని దాన్ని కూడా పోనివ్వండి. కెరటం మీద జారాలన్న సరదా బయట లోతు నీళ్ళల్లో, గాలికి లేచే చిన్న కెరటాలతో తీర్చుకోవచ్చు. మూడు సెకన్ల కెరటం వేగం 17 కిలోమీటర్లే, తోక లేవగానే నాలుగుసార్లు గట్టిగా తెడ్డు వేస్తే దొరుకుతుంది.

అంతవరకు ఎక్కడ సాధన చేయాలంటారా? మీ వశిష్టలోనే. సముద్రపు గాలి లేచిన మధ్యాహ్నం, పాటుకి ఎదురుగా గాలి వీస్తుంటే ఏట్లోనే దగ్గర దగ్గరగా కెరటాలు లేస్తాయి. మొగకి బాగా పైన, గట్టు దగ్గరగా, నరసాపురం పంటు (ఏరు దాటించే పడవ) తిరిగే దారికి అడ్డం రాకుండా చేసుకోండి. అసలు మొగ దాటే రోజు మాత్రం పోటు నిండి నీరు నిలిచినప్పుడు, గాలి లేవకముందు. వరదల్లో వద్దే వద్దు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులతో మొదటి హెచ్చరిక ఎగరేశారంటే అది దించి నీళ్ళు తేటపడేదాకా పడవ ఇంట్లో ఉండాలి, ఆ ఎర్రనీళ్ళల్లో దుంగలు కూడా కొట్టుకొస్తాయి.

ప్రశ్న: పెళ్ళయి ఏడాదైంది. మా ఆయనకి ఈ పడవ పిచ్చి, వెనక సీటు నాకిచ్చారు. లైఫ్ జాకెట్ ఉంది, ఈత కొద్దిగా వచ్చు. పడితే ఏం చేయాలండీ అంటే 'పడంలే' అంటారు. పడవ నుంచి కాలికి తాడు కట్టుకోవాలా?
— కాకినాడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: 'పడంలే' అనే మనిషితో కెరటాల్లోకి వెళ్ళకండమ్మా. పడతారు, అందరూ పడతారు. పడ్డాక ఎక్కడం వచ్చా లేదా అన్నదే అసలు పరీక్ష, దాన్ని ఒడ్డు పక్కన నడుంలోతు నీళ్ళల్లో మొదలుపెట్టి తర్వాత లోతులోనూ, గాలిలోనూ చేసి చూడాలి. పడవకి అటు పక్క ఆయన అంచు పట్టుకుని ఆనుకోవాలి, ఇటునుంచి మీరు కాళ్ళు తన్నుతూ సీటు మీద బోర్లా పడి, మెల్లగా తిరిగి కూర్చోవాలి. కూర్చోగానే కాళ్ళు చెరో పక్క నీళ్ళల్లో వేలాడదీసి తెడ్డుని నీళ్ళ మీద పరచండి, అప్పుడు ఆయన ఎక్కాలి. ఆయనే ముందు ఎక్కితే అవతల పట్టుకోవాల్సిన బరువు మీదవుతుంది, అది కష్టం. ఇద్దరూ ఎక్కాక వెంటనే తెడ్డు వేయండి, కాళ్ళ దగ్గర చేరిన నీళ్ళు పడవ కదులుతుంటేనే అడుగునున్న కన్నంలోంచి బయటికి పోతాయి.

తాడు కట్టుకోవాల్సిందే, ఇద్దరూ. గాలి వీస్తుంటే ఖాళీ పడవ మనం ఈదే వేగం కంటే ముందు పోతుంది, మంచి ఈతగాడు కూడా అందుకోలేడు. ఒడ్డున విరిగే కెరటాల్లోకి వచ్చేముందు మాత్రం తాడు తీసేయడం మేలని నా అభిప్రాయం, లేకపోతే పడవ మిమ్మల్ని ఈడ్చుకుపోతుంది.

మీకో అదృష్టం ఉంది, హోప్ ఐలాండ్. ఉత్తరానికి సాగిన ఆ ఇసుక దిబ్బ సముద్రపు పెద్ద కెరటాలకి అడ్డంగా ఉండబట్టి కాకినాడ అఖాతంలో గాలి కెరటాలే తప్ప విరిగే కెరటాలు తక్కువ. ఓడలు తిరిగే దారికి దూరంగా ఉండండి. బయల్దేరేముందు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే కెరటాల సూచన చూడండి. ఫోను నీళ్ళు పట్టని సంచిలో పెట్టి ఒంటికి కట్టుకోండి, పడవకి కట్టొద్దు. సముద్రంలో ఆపదకి కోస్ట్ గార్డ్ నంబరు 1554. ఆయన ఫోనులో కూడా ఉందో లేదో చూడండి.

ప్రశ్న: ఈ సన్న పడవలోళ్ళు మా వలల మీదుగా పోతున్నారు. కింద ఉన్న చుక్కాని తగులుకుని వల చిరుగుతోంది. వలకి కట్టి తేలే బెండ్లు కనపడవా వీళ్ళకి?
— భైరవపాలెం నుంచి ఒక మత్స్యకారుడు

జవాబు: అలల్లో కూర్చుని చూస్తే నిజంగానే కనపడవు, వాళ్ళ కళ్ళు నీటికి మీటరు ఎత్తులో కూడా ఉండవు. అయినా తప్పు వాళ్ళదే. ఇది చదువుతున్న పడవ సరదా బాబులందరికీ చెప్తున్నాను: దిగేముందు రేవులో ఎవరినైనా అడిగితే వల ఎటు వేశారో చెప్తారు. వల చివరి జెండా చుట్టూ తిరిగి వెళ్ళండి. తగులుకుంటే కత్తి తీయొద్దు, తెడ్డు వెనక్కి వేస్తే చాలాసార్లు విడిపోతుంది. చిరిగితే ఒడ్డుకొచ్చి డబ్బులిచ్చి వెళ్ళండి. పైగా మీకేదైనా అయితే ముందు చేరుకునేది ఈ బోట్లవాళ్ళే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో మోటారు బోట్లు రేవుల్లోనే ఉంటాయి, ఆ 61 రోజులూ బయట పిలిస్తే పలికేవాళ్ళు తక్కువ, కాబట్టి అప్పుడు ఒడ్డు కనపడే దూరం దాటకండి.