వైరల్ లోడ్ కనపడకపోయినా ఎంటెకావిర్ ఆపొద్దు

రిపోర్టులో హెపటైటిస్ బి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ పరిమాణం) కనపడటం లేదు, ఇక ఆ వైరస్‌కు వాడే ఎంటెకావిర్ మాత్ర మానేయొచ్చా అని అడిగారు. రిపోర్టు బాగా రావడం సంతోషం, కానీ మీ అంతట మీరు మాత్రం ఆపొద్దండి. ఈ మందు కొత్త వైరస్ తయారవకుండా అడ్డుకుంటుందే తప్ప, కాలేయ కణాల కేంద్రకంలో దాక్కున్న వైరస్ డీఎన్ఏను తుడిచేయలేదు. మాత్ర ఆగితే అది మళ్లీ విజృంభించవచ్చు. ఒక్కోసారి కామెర్లతో మొదలై కాలేయం పనిచేయడమే మానేస్తుంది. సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) ఉంటే మరీ ప్రమాదం. హెచ్‌బీఎస్ఏజీ (వైరస్ పైపొర ప్రొటీన్ రక్తంలో ఉందో లేదో చూసే పరీక్ష) నెగెటివ్ అయిందా లేదా, కాలేయం ఎలా ఉంది అన్నవి చూసి డాక్టరే చెప్పాలి.

భోజనంతో పాటే వేసుకుంటున్నానన్నారు, అది ఈరోజే మార్చుకోండి. తిన్న 2 గంటల తర్వాత వేసుకుని, ఇంకో 2 గంటలు ఏమీ తినకూడదు. ఆహారంతో కలిస్తే మందు ఒంటికి సరిగా పట్టదు. రాత్రి పడుకునే ముందు వేసుకుంటే తేలిక. ఇంట్లోవాళ్లకు పరీక్ష చేయించి, అవసరమైనవాళ్లకు టీకా వేయించారా?