చిన్న అంకె జోలికి పోకు

విజయనగరం

అమ్మలూ,

రసాయన సమీకరణాలు తుల్యం చేయడం, అంటే రెండు వైపులా ఒక్కో మూలకం పరమాణువులు సమానంగా వచ్చేలా చూడటం, నీకు కొరుకుడు పడటం లేదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. టెన్షన్ పడకు. ఏ అంకెను ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో తెలిస్తే మిగతాదంతా కూడికలే.

ఫార్ములాలో కింద ఉండే చిన్న అంకె జోలికి పోకు. ముందు పెట్టే గుణకం ఒక్కటే నీ చేతిలోది. ఆక్సిజన్ ఒకటి తగ్గిందని హెచ్2ఓ ని హెచ్2ఓ2 చేశావనుకో, లెక్క కుదురుతుంది గానీ నీళ్లు కాస్తా పుండు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ అయి కూర్చుంటాయి. నేను పేపర్లు దిద్దినన్నాళ్లూ ఎక్కువమంది మార్కులు పోగొట్టుకున్నది ఇక్కడే.

మన గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీసు తవ్వుతారు కదా, దానితోనే చేద్దాం. మాంగనీస్ డయాక్సైడ్ (ఎంఎన్ఓ2)‌ని అల్యూమినియం పొడితో వేడి చేస్తే మాంగనీసు, అల్యూమినియం ఆక్సైడ్ (ఏఎల్2ఓ3) వస్తాయి. ఆక్సిజన్ ఎడమన రెండు, కుడిన మూడు. రెండూ ఆరు దగ్గర కలుస్తాయి. అంచేత డయాక్సైడ్ ముందు 3, అల్యూమినియం ఆక్సైడ్ ముందు 2 పెట్టు. మాంగనీసు ఎడమన మూడయింది, కుడినా 3 వెయ్యి. అల్యూమినియం కుడిన నాలుగయింది, ఎడమన 4 వెయ్యి. అయిపోయింది.

ఆక్సిజన్ ఆఖర్న చూడాలని ట్యూషన్లలో బట్టీ పట్టిస్తారు. అది నాకు నచ్చదు. ఆఖర్న చూడాల్సింది దేనితోనూ కలవకుండా విడిగా ఉన్న మూలకాన్ని. పైన విడిగా ఉన్నవి లోహాలు కాబట్టి ఆక్సిజన్‌తో మొదలెట్టాం. గ్యాస్ బండలోని బ్యూటేన్ (సి4హెచ్10) మండేటప్పుడు విడిగా ఉండేది ఆక్సిజనే, అక్కడ అది ఆఖరుకే. కార్బన్ నాలుగు, అంటే 4 కార్బన్ డయాక్సైడ్‌లు. హైడ్రోజన్ పది, అంటే 5 నీళ్లు. కుడిన ఆక్సిజన్ మొత్తం 13. ఎడమన అది ఓ2గా, జంటగానే వస్తుంది, అంటే ఆరున్నర! కంగారు పడి చెరిపెయ్యకు, అన్నిటినీ రెట్టింపు చెయ్యి. బ్యూటేన్ 2, ఆక్సిజన్ 13, కార్బన్ డయాక్సైడ్ 8, నీళ్లు 10.

సల్ఫేట్ (ఎస్ఓ4) లాంటి పరమాణువుల గుంపులు రెండు వైపులా చెదరకుండా ఉంటే విడగొట్టకు, గుంపుగానే లెక్కపెట్టు.

ఇనుము మీద నీటి ఆవిరి పంపితే ఇనుము ఆక్సైడ్ (ఎఫ్ఈ3ఓ4), హైడ్రోజన్ వస్తాయి. అది చేసి వాట్సాప్‌లో ఫోటో పంపు. కొట్టివేతలు ఉన్న కాగితమే పంపు, ఫెయిర్ చెయ్యొద్దు. ఎక్కడ ఆగిపోయావో అందులోనే నాకు తెలుస్తుంది.

తాతయ్య