నాయన గురించి ఏం రాయాలక్కా?

ప్రశ్న: అక్కా, మాది కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా. మా నాయన పోయి వచ్చే నెలకు ఏడాది. సంవత్సరీకానికి వచ్చే చుట్టాలకు పంచడానికి ఆయన గురించి చిన్న పుస్తకం వేయిద్దామని నేనూ చెల్లెలూ అనుకున్నాం. తీరా కూర్చుంటే రెండు వాక్యాలు దాటడం లేదు. ఆరెకరాల మెట్టలో వేరుశనగ పండించారు, మమ్మల్నిద్దరినీ డిగ్రీ దాకా చదివించారు, అంతే. మూడు బోర్లు వేయించి అప్పులపాలయ్యారు, అది రాయొచ్చో లేదో తెలియదు. నాతో మనసు విప్పి మాట్లాడింది కూడా తక్కువే. హాస్టల్‌కు పోయే రోజు బస్సు దాకా వచ్చి, 'పిల్లోణ్ణి జాగ్రత్తగా దించన్నా' అని కండక్టరుకు చెప్పి, నాతో ఏమీ అనకుండా వెనక్కి తిరిగేవారు. ఏం రాయమంటారు?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: తమ్ముడూ, 'ఆరెకరాల మెట్టలో వేరుశనగ పండించారు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, నీ పుస్తకమంతా అక్కడే ఉంది. మీ అనంతపురం జిల్లాలో ఏడాదంతా కలిపి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసిపోతాయి, ఈశాన్యపు వానలు సముద్రం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. ఆ వానను నమ్ముకున్న మనిషి ప్రతి ఏడూ జూన్, జూలైల్లో ఒక నిర్ణయం తీసుకోవాలి, ఈ పదునుకే విత్తేయాలా ఇంకో వాన దాకా ఆగాలా అని. తొందరపడితే మొలిచింది మొలిచినట్టే ఎండుతుంది, ఆగితే అదను దాటిపోతుంది, ఎకరాకు యాభై అరవై కిలోల విత్తనం కావాలి, అది చాలాసార్లు అప్పు తెచ్చి కొన్నదే. నాయన ఎలా తేల్చుకునేవారు? కార్తెలు చూసేవారా, మట్టిని పిడికిట్లో నొక్కి చూసేవారా, పక్క చేని పెద్దాయన్ని అడిగేవారా? ఇది ఒక పేజీ.

మా అమ్మమ్మ వాళ్లది కదిరి దగ్గర పల్లె. విత్తనాల కాలం వస్తే రాత్రి అన్నాలయ్యాక అందరం కాయల రాశి చుట్టూ కూర్చుని ఒలిచేవాళ్లం, బొటనవేలి గోరు దగ్గర మండుతుంటే తాత గుడ్డపీలిక చుట్టుకుని మళ్లీ మొదలుపెట్టేవాడు, పైపొట్టు చిట్లిన గింజ కనిపిస్తే అది మొలవదని తీసి మా పిల్లల చేతుల్లో పోసేవాడు. తాత అంటే ఇప్పటికీ నాకు ఆ గుడ్డపీలికే గుర్తొస్తుంది. నీకూ అలాంటిది ఒకటి ఉంటుంది, గొర్రు పట్టిన చేతులో, ఎద్దుల పేర్లో, చేనుకు ఇంట్లో పెట్టుకున్న పేరో. అవి రాయి.

బోర్ల సంగతి తప్పకుండా రాయి. మీ జిల్లాలో నీళ్లు అడుగుకు దిగిపోతుంటే, పక్క బోరులో పడ్డాయి మనకూ పడతాయేమోనన్న ఆశతో వేయించి మునిగిన ఇళ్లు లెక్కలేనన్ని. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ అప్పు ఎన్నేళ్లు కట్టారు, దేన్ని అమ్మారు, ఆ ఏడాది మీ ఫీజు ఎక్కణ్ణుంచి వచ్చింది, అన్నీ రాయి. అది దాచిపెడితే ఆయన పడిన కష్టంలో సగం దాచినట్టే.

ఇంకొకటి, ఇది కొంచెం గట్టిగానే చెబుతున్నా. నీ ఉత్తరంలో మీ అమ్మ మాటే లేదు. కలుపు తీసింది ఎవరు, కాయలు కోసింది ఎవరు, కాయలు కోశాక మిగిలిన కట్టెను పశువులకు మేతగా వేసింది ఎవరు? ఆమె లేకుండా నాయన సేద్యం ఎలా రాస్తావు?

మనసు విప్పి మాట్లాడలేదన్నావు. పైకి చెప్పకపోయినా ప్రేమ ఉండేదని నువ్వు కల్పించి రాయనక్కర్లేదు. ఆ కండక్టరు ముచ్చట ఉన్నది ఉన్నట్టు మొదటి పేజీలో పెట్టు, చదివినవాళ్లకు తెలుస్తుంది.

ఈ శనివారమే బయలుదేరు. ఇంట్లో అడిగితే అమ్మ 'ఏముందిలే నాయనా' అనేస్తుంది. చేనికి తీసుకెళ్లి గట్టు మీద కూర్చోబెట్టు, ఫోన్లో రికార్డింగ్ పెట్టుకో, మొదటి బోరు వేసిన చోటు చూపించమని అడుగు.